ముద్రించిన పత్రము, తెరిచియున్న పత్రము: లైంగిక దౌర్జన్యపు వ్యాజ్యాలలో మూసివుంచిన కోర్టు రికార్డుల గూర్చి ఒక పరిశీలన

ఉపోద్ఘాతము

లూకా 12:2-3 మీద ప్రసంగించని కాపరి ఉండడు. మరుగుచేయబడినది బయలుపడుతుందని ప్రభువు చెప్పిన ఆ మాటను మనం సాధారణంగా వ్యక్తుల రహస్య పాపాలకు అన్వయిస్తాము. అది సంఘపు బీరువాకు కూడా వర్తిస్తుందని చెప్పడం అరుదు. అయితే గడచిన పాతికేళ్లలో అమెరికాలోని సంఘాలకు ఆ అన్వయాన్ని నేర్పినది ప్రసంగ వేదిక కాదు, న్యాయస్థానం. పిల్లలపై గురువులు జరిపిన లైంగిక దౌర్జన్యాలకు సంబంధించి ముద్ర వేసి ఉంచిన కోర్టు ఫైళ్లను తెరవాలా, వద్దా అన్న వివాదంలో సంఘం దాదాపు ప్రతిసారీ "వద్దు" అనే పక్షాన నిలబడింది.

ఈ ప్రశ్నకు తేలికైన జవాబు లేదు. ఫైలు మూసివుంచితే తప్పు చేసినవాడు దాగవచ్చు. తెరిస్తే బాధపడిన బిడ్డ రెండవసారి గాయపడవచ్చు. నింద మాత్రమే మోపబడి, నేరం రుజువు కాని వ్యక్తి పేరు చెడిపోవచ్చు. కాబట్టి "అంతా తెరవండి" అనడమూ చాలదు, "అంతా మూయండి" అనడమూ చాలదు. ముద్ర ఎవరిని కాపాడుతోంది అన్నది మొదట అడగవలసిన ప్రశ్న అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ముందుగా కోర్టు రికార్డుకు ముద్ర ఎలా పడుతుందో వివరించి, తరువాత కొన్ని వ్యాజ్యాలను, వాక్య ఆధారాలను, చివరగా మన సంఘాల బాధ్యతను పరిశీలిద్దాం.

1. కోర్టు రికార్డుకు ముద్ర ఎలా పడుతుంది?

న్యాయవిచారణ బహిరంగంగా జరగాలన్నది పాత సూత్రం. ఇశ్రాయేలులో పెద్దలు గుమ్మమునొద్ద కూర్చుండి తీర్పు తీర్చింది కూడా పదిమంది రాకపోకలు సాగించే చోటనే (ద్వితీ. 21:19, రూతు 4:1-11, ఆమోసు 5:15). అమెరికా న్యాయవ్యవస్థలో కోర్టు రికార్డులను చూసే సాధారణ హక్కు ప్రజలకు ఉందని అక్కడి సుప్రీం కోర్టు 1978లో నిక్సన్ వర్సెస్ వార్నర్ కమ్యూనికేషన్స్ కేసులో గుర్తించింది. అయితే అది హద్దులు లేని హక్కు కాదని, కోర్టుకు తన ఫైళ్లపై అధికారం ఉంటుందని కూడా అదే తీర్పులో చెప్పింది.

రహస్యం మూడు దశల్లో చోటు చేసుకుంటుంది. ఈ మూడింటినీ కలిపివేస్తే చర్చ గందరగోళమవుతుంది.

మొదటిది, విచారణకు ముందు ఇరుపక్షాలూ తమ దగ్గర ఉన్న పత్రాలను ఒకరికొకరు చూపుకునే దశ. ఈ పత్రాలను వ్యాజ్యానికి తప్ప మరి దేనికీ వాడరాదని, బయటపెట్టరాదని జడ్జి ఉత్తర్వు ఇవ్వవచ్చు. రెండవది, కోర్టులో దాఖలైన పత్రాలకే ముద్ర వేయడం. ఇక్కడ ప్రజల హక్కు బలంగా ఉంటుంది, ఎందుకంటే జడ్జి వాటిమీద ఆధారపడి తీర్పు ఇస్తాడు. మూడవది, వ్యాజ్యం కోర్టు గడప తొక్కకముందే జరిగే రాజీ. సొమ్ము చేతులు మారుతుంది, నోరు విప్పకూడదని ఒప్పందం రాసుకుంటారు. తెరవమని అడగడానికి కోర్టులో ఫైలే ఉండదు.

పిల్లల విషయంలో ముద్ర తప్పనిసరి కాదా అని అడగవచ్చు. మాసచుసెట్స్ రాష్ట్రపు చట్టం ఒకటి అలాగే నిర్దేశించింది. లైంగిక నేరానికి గురైన మైనరు సాక్ష్యం చెప్పేటప్పుడు కోర్టు గదిని తప్పక మూసివేయాలన్నది దాని భావం. బోస్టన్ గ్లోబ్ పత్రిక దానిని సవాలు చేయగా, 1982లో అమెరికా సుప్రీం కోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. బిడ్డను కాపాడడం ఎంతో ముఖ్యమని కోర్టు ఒప్పుకుంది. కాని గంపగుత్తగా మూయడం తగదన్నది. బిడ్డ వయస్సు, మానసిక స్థితి, నేరస్వభావం, బిడ్డ కోరిక, తలిదండ్రుల అభిప్రాయం చూసి కేసు కేసుకూ జడ్జి నిర్ణయించాలన్నది. ముద్ర వేయడానికి కారణం చూపాలి, ఆ కారణం ఆ బిడ్డకు సంబంధించినదై ఉండాలి అన్నదే దీని సారం.

2. బోస్టన్: ఫైలులో పదిహేడేళ్లు ఉన్న ఉత్తరం

జాన్ గేగన్ 1962లో గురుపట్టాభిషేకం పొంది బోస్టన్ అగ్రపీఠంలో అనేక విచారణలలో పనిచేశాడు. ఇతనివల్ల బాల్యంలో దౌర్జన్యానికి గురయ్యామని 130 మందికి పైగా ముందుకు వచ్చారు. 1998లో గురుత్వం నుండి తొలగించారు. అప్పటికి బాధితులు వేసిన వ్యాజ్యాలు కోర్టులో పేరుకుపోయాయి. వాటిలో అగ్రపీఠం అప్పగించిన పత్రాలు కోర్టు ఉత్తర్వు కింద రహస్యంగా ఉండిపోయాయి.

2001లో బోస్టన్ గ్లోబ్ ఆ ఉత్తర్వును ఎత్తివేయాలని కోర్టును ఆశ్రయించింది. అగ్రపీఠం వ్యతిరేకించింది. ఆ ఏడాది నవంబరులో జడ్జి కాన్‌స్టన్స్ స్వీనీ పత్రాలను బయటపెట్టాలని తీర్పు ఇచ్చారు. డిసెంబరులో పై కోర్టు జడ్జి ఆ తీర్పును నిలబెట్టారు. 2002 జనవరి 6 నుండి గ్లోబ్ కథనాలు వెలువడ్డాయి. అదే నెలలో పత్రాలు ప్రజల ముందుకు వచ్చాయి.

వాటిలో ఏమున్నది? 1982లో ఒకే కుటుంబానికి చెందిన ఏడుగురు బాలురకు జరిగినదానిని గూర్చి వారి బంధువు అయిన ఒక స్త్రీ నాటి కార్డినల్‌కు రాసిన ఉత్తరం ఉంది. 1984 డిసెంబరులో సహాయ బిషప్ జాన్ డార్సీ, అప్పుడే కొత్తగా వచ్చిన ఆర్చిబిషప్ బెర్నార్డ్ లాకు రాసిన ఉత్తరం ఉంది. గేగన్‌ను వెస్టన్ పట్టణంలోని సెయింట్ జూలియా విచారణకు పంపడం సరికాదని, బాలుర విషయంలో అతని గతం మంచిది కాదని అందులో హెచ్చరించాడు. ఆ నియామకం రద్దు కాలేదు. 1989లో గేగన్‌ను చికిత్సకు పంపి, తిరిగి అదే విచారణలో నియమించారు. 1993 వరకు అక్కడే ఉన్నాడు.

కాపరులైన మనం ఈ ఉత్తరం దగ్గర కాసేపు ఆగాలి. బోస్టన్‌లో ఎవరికీ తెలియక జరిగిన తప్పు కాదు ఇది. తెలిసినవారు ఉన్నారు, మర్యాదగా, పద్ధతిగా, కాగితం మీద హెచ్చరించినవారు కూడా ఉన్నారు. ఆ కాగితం ఫైలులోకి వెళ్లింది. సెయింట్ జూలియాలో పిల్లలను బడికి, ఆరాధనకు పంపిన తల్లిదండ్రులకు మాత్రం అది పదిహేడేళ్లపాటు కనబడలేదు. ఆ ఉత్తరం మరుగున ఉండడంవల్ల ఏ బిడ్డకూ మేలు జరగలేదు. నియామకం చేసినవారికే మేలు జరిగింది.

బిషప్ గారు తరువాత మరొక విషయం కూడా ఎదుర్కొన్నారు. గత పదేళ్లలో కనీసం 70 మంది గురువులపై వచ్చిన ఫిర్యాదులను అగ్రపీఠం చప్పుడు లేకుండా రాజీ చేసుకుందని 2002 జనవరి చివరలో గ్లోబ్ ప్రచురించింది. మనం పైన చెప్పుకున్న మూడవ రకం రహస్యం ఇదే. 2002 డిసెంబరు 13న కార్డినల్ బెర్నార్డ్ లా పదవికి రాజీనామా చేశారు. 2003లో సుమారు 550 మంది బాధితులకు 8.5 కోట్ల డాలర్లు చెల్లించడానికి అగ్రపీఠం ఒప్పుకుంది.

ఈ సంక్షోభం నుండే ఒక మంచి నియమం పుట్టింది. 2002 జూన్‌లో డాలస్‌లో సమావేశమైన అమెరికా కాథలిక్ బిషప్పులు, ఇకమీదట రాజీ ఒప్పందాలలో గోప్యత షరతు పెట్టరాదని నిర్ణయించారు. బాధితులే బలమైన కారణంతో కోరినప్పుడు మాత్రం పెట్టవచ్చు, ఆ సంగతి ఒప్పందంలో రాయాలి. ముద్ర వేయమని అడిగే హక్కు సంస్థ చేతినుండి బాధితుని చేతికి మారింది.

3. బ్రిడ్జ్‌పోర్ట్: మత స్వేచ్ఛ అనే వాదన

కనెక్టికట్ రాష్ట్రంలోని బ్రిడ్జ్‌పోర్ట్ మేత్రాసనం తన గురువులపై వచ్చిన 23 వ్యాజ్యాలను 2001లో రాజీ చేసుకుంది. ఫైళ్లకు ముద్ర అలాగే ఉండిపోయింది. మరుసటి సంవత్సరం న్యూయార్క్ టైమ్స్, బోస్టన్ గ్లోబ్, వాషింగ్టన్ పోస్ట్, హార్ట్‌ఫర్డ్ కొరంట్ పత్రికలు వాటిని తెరవమని కోరాయి. మేత్రాసనం ఏడేళ్లు పోరాడింది.

ఆ వాదనలలో ఒకటి దైవశాస్త్ర విద్యార్థులు గమనించదగినది. గురువులను ఎక్కడ నియమించాలి, ఎలా క్రమశిక్షణలో పెట్టాలి అనేవి సంఘపు అంతరంగిక వ్యవహారాలని, వాటి పత్రాలను బయటపెట్టమనడం రాజ్యాంగం ఇచ్చిన మత స్వేచ్ఛకు భంగమని మేత్రాసనం వాదించింది. 2009 మే నెలలో కనెక్టికట్ సుప్రీం కోర్టు పత్రికల పక్షాన తీర్పు చెప్పింది. జడ్జి తన తీర్పుకోసం ఆధారపడడానికి వీలుగా దాఖలైన పత్రమేదైనా ప్రజలు చూడదగిన న్యాయపత్రమే అని నిర్వచించింది. కొద్దిపాటి పత్రాలు మాత్రమే ఆ నిర్వచనంలోకి రాలేదు. ఆ ఏడాది నవంబరులో అమెరికా సుప్రీం కోర్టు అప్పీలును విచారణకు స్వీకరించలేదు. 2009 డిసెంబరు 1న 12,000 పుటలకు పైగా వెలుగులోకి వచ్చాయి. 1988 నుండి 2000 వరకు అక్కడ బిషప్‌గా ఉండి, తరువాత న్యూయార్క్ కార్డినల్ అయిన ఎడ్వర్డ్ ఈగన్ ప్రమాణం చేసి ఇచ్చిన వాంగ్మూలాలు వాటిలో ఉన్నాయి.

సంఘానికి రాజ్యపు జోక్యం లేని స్వేచ్ఛ అవసరమే. అల్పసంఖ్యాకులుగా జీవిస్తున్న మనకు ఆ స్వేచ్ఛ విలువ మరింత తెలుసు. అయితే బోధించడానికి, ఆరాధించడానికి ఇచ్చిన స్వేచ్ఛను ఒక బిడ్డకు జరిగిన నేరపు కాగితాల చుట్టూ కంచెగా నాటితే, రేపు నిజంగా ఆ స్వేచ్ఛ కోసం నిలబడవలసి వచ్చినప్పుడు మన మాట ఎవరు నమ్ముతారు?

ఇది కాథలిక్కుల సమస్య మాత్రమే అని మనం తప్పించుకోలేము. 2022 మే నెలలో అమెరికాలోని సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్‌పై జరిగిన స్వతంత్ర విచారణ నివేదిక వెలువడింది. దౌర్జన్యపు ఆరోపణలున్న సేవకుల జాబితాను కార్యనిర్వాహక కమిటీ సిబ్బంది 2007 నుండి తయారుచేస్తూ వచ్చారని, సంఘాలకు మాత్రం చెప్పలేదని అందులో తేలింది. కొద్ది రోజులకే 700కు పైగా పేర్లున్న ఆ జాబితాను బయటపెట్టారు. అక్కడ కోర్టు ముద్ర లేదు, కార్డినల్ లేడు. ప్రతి సంఘమూ స్వతంత్రమే. అయినా బీరువాకు తాళం పడింది.

4. తెరిచిన ఫైలు కూడా గాయపరచగలదు

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి తెరవడమే ఎల్లప్పుడూ నీతి అనుకోరాదు. పెన్సిల్వేనియా గ్రాండ్ జ్యూరీ నివేదిక దీనికి ఉదాహరణ. 2018 ఆగస్టు 14న విడుదలైన ఆ నివేదిక ఆరు మేత్రాసనాల రహస్య ఫైళ్లను పరిశీలించి, 300 మందికి పైగా గురువులు, 1,000 మందికి పైగా బాలబాలికలను పేర్కొంది. అయితే అందులో ప్రస్తావించబడిన కొందరు, మా మాట వినకుండానే మమ్మల్ని దోషులుగా చూపారని మొరపెట్టుకున్నారు. 2018 డిసెంబరు 3న రాష్ట్ర సుప్రీం కోర్టు 11 మంది పేర్లను శాశ్వతంగా మూసివుంచాలని తీర్పు ఇచ్చింది. గ్రాండ్ జ్యూరీ ఎదుట జవాబు చెప్పుకునే అవకాశం లేకుండా మనిషి పరువు తీయరాదన్నది కారణం. బాధితులలో అనేకులకు ఈ తీర్పు బాధ కలిగించింది. అయినా ఒకని మాట వినకముందు వానికి తీర్పు తీర్చరాదని నీకొదేము పలికిన న్యాయమే ఇక్కడ కూడా పనిచేసింది (యోహాను 7:50-51).

ఎప్‌స్టీన్ వ్యవహారానికి చెందిన సివిల్ వ్యాజ్యంలో ముద్ర వేసిన దాదాపు 2,000 పుటలను తెరవమని 2019 జూలైలో ఫెడరల్ అప్పీలు కోర్టు ఆదేశించింది. అదే తీర్పులో ఒక హెచ్చరిక కూడా చేసింది. కోర్టులో దాఖలైన ప్రతి మాటా రుజువైన సత్యం కాదని, పత్రికలూ ప్రజలూ వాటిని జాగ్రత్తగా చదవాలని చెప్పింది. 2024 జనవరిలో ఆ వ్యాజ్యంలోని మరిన్ని పత్రాలు వెలువడినప్పుడు ఆ హెచ్చరిక ఎంత అవసరమో తెలిసింది. సాక్షులు, బాధితులు, మాటల్లో యథాలాపంగా వచ్చినవారు అందరి పేర్లూ కలిపి నేరస్థుల జాబితాగా ప్రచారమైంది. పత్రం తెరిచినంతనే సత్యం తెలియదు. చదివేవారికి కూడా ఓర్పు, నీతి ఉండాలి.

5. యిర్మీయా రెండు పత్రాలు

యిర్మీయా 32:6-15లో ప్రవక్త అనాతోతులోని పొలాన్ని కొంటాడు. సాధారణంగా మనం దీనిని నిరీక్షణకు గురుతుగా బోధిస్తాం. పత్రాల సంగతి అంతగా పట్టించుకోము. 11వ వచనంలో రెండు ప్రతులు కనిపిస్తాయి. ఒకటి హతూమ్, అనగా ముద్ర వేయబడినది. మరొకటి గాలూయ్, అనగా తెరిచియున్నది. రెండూ సాక్షుల ఎదుట, చెరసాల ప్రాకారములో కూర్చున్న వారందరి ఎదుట బారూకు చేతికి అప్పగించబడ్డాయి. రెండూ బహుదినములు నిలిచేలా ఒకే మట్టికుండలో ఉంచబడ్డాయి.

ఒకే లావాదేవీని పైన తెరిచి, లోపల ముద్రించి రెండుసార్లు రాసే ఆచారం తరువాతి శతాబ్దాలలో కూడా కొనసాగింది. యిగయేల్ యాదిన్ నాయకత్వంలో పురాతత్త్వవేత్తలు నహల్ హెవెర్ గుహలో కనుగొన్న బబాతా అనే యూదు స్త్రీ పత్రాలలో (క్రీ.శ. 2వ శతాబ్దం) అలాంటివి ఉన్నాయి. తెరిచిన ప్రతిని ఎవరైనా చదువుకోవచ్చు. వివాదం వస్తే ముద్రను విప్పి, మాట మార్చబడలేదని రుజువు చేయవచ్చు. అంటే ముద్ర పని సత్యాన్ని దాచడం కాదు, చెడిపోకుండా కాపాడడం. తెరిచిన ప్రతి లేకుండా ముద్రించిన ప్రతి ఒక్కటే మిగిలితే ఆ ఏర్పాటు ఉద్దేశమే నెరవేరదు.

ఈ వాక్యభాగం కోర్టు రికార్డులను గూర్చి రాసినది కాదు. దానినుండి చట్టాన్ని తీయడం మన ఉద్దేశం కాదు. అయినా ఒక వివేచనకు అది తోడ్పడుతుంది. బాధితుని పేరు, ముఖం, శరీరానికి జరిగిన వివరాలు ముద్రించిన ప్రతిలోనివి. ఫిర్యాదు ఎప్పుడు వచ్చింది, ఎవరికి అందింది, వారు ఏమి చేశారు, ఆ సేవకుణ్ణి తరువాత ఎక్కడికి పంపారు అన్నవి తెరిచిన ప్రతిలో ఉండవలసినవి.

తామారు వృత్తాంతం దీనికి వ్యతిరేక చిత్రం. అబ్షాలోము ఆమెను ఊరకుండమన్నాడు. దావీదు కోపగించుకున్నాడు గాని ఏమీ చేసినట్టు వాక్యం చెప్పదు (2 సమూ. 13:20-21). ఇంటి పరువు నిలిచింది, ఆమె జీవితం పాడైంది. రెండేళ్ల తరువాత హత్య, ఆ తరువాత తిరుగుబాటు వచ్చాయి. రాజగృహం మూసివేసిన ఆ సంగతిని పరిశుద్ధాత్మ మాత్రం లేఖనంలో తెరిచి ఉంచాడు.

రెండు వాక్యభాగాలను మనం తప్పుగా వాడుతున్నామేమో పరీక్షించుకోవాలి. 1 తిమోతి 5:19లో పెద్దమీద దోషారోపణకు ఇద్దరు ముగ్గురు సాక్షులు కావాలన్న మాటను, ఒంటరిగా వచ్చిన బిడ్డ నోరు మూయించడానికి వాడుతుంటారు. తరువాతి వచనం పాపము చేసినవారిని అందరి ఎదుట గద్దించమంటోంది. సాక్షుల నియమం ఇచ్చిన ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయమే న్యాయాధిపతులను బాగుగా విచారించమంటోంది. అలాగే 1 కొరింథీ 6:1-8ని చూపి పోలీసులకు చెప్పరాదంటారు. పౌలు అక్కడ వాడిన గ్రీకు పదం బియోటికా. దైనందిన జీవితపు తగవులని దాని భావం. నేరాన్ని శిక్షించే అధికారం రోమా 13:1-4 ప్రకారం ప్రభుత్వానిదే.

6. మన దేశ చట్టము, మన సంఘాలు

మన దేశపు చట్టం ఈ రెండు ప్రతుల భేదాన్ని చాలామట్టుకు పాటిస్తోంది. 1996లో పంజాబ్ రాష్ట్రం వర్సెస్ గుర్మీత్ సింగ్ కేసులో అత్యాచార విచారణలు మూసిన గదిలో జరగాలని, బాధితురాలి పేరు బయటపెట్టరాదని సుప్రీం కోర్టు ఉద్ఘాటించింది. 2018 నాటి నిపుణ్ సక్సేనా తీర్పు దానిని మరింత గట్టిపరచింది. 2012 నాటి పోక్సో చట్టం 23, 33, 37 సెక్షన్లు బిడ్డ గుర్తింపును కాపాడుతున్నాయి. అయితే అదే చట్టం 19వ సెక్షన్, నేరం జరిగిందని తెలిసిన ప్రతి వ్యక్తీ పోలీసులకు గాని ప్రత్యేక బాలల పోలీసు విభాగానికి గాని తెలపాలంటోంది. తెలపకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంది. తన కింద పనిచేసే వ్యక్తి చేసిన నేరాన్ని సంస్థ బాధ్యుడు దాచితే ఆ శిక్ష ఏడాది వరకు ఉండవచ్చు. బిడ్డ పేరు మూసి ఉంచాలి, నేరం మూసి ఉంచకూడదు.

మన వాడుక తరచుగా దీనికి తలకిందులుగా ఉంటుంది. నేరాన్ని కమిటీ గదిలో మూసి, బిడ్డ పేరును ఉపవాస కూటంలో ప్రార్థన అంశంగా తెరుస్తాము. ఏ కుటుంబమో, ఏ బడిలో చదువుతోందో భారంతోనే చెప్పుకుంటాము. చట్టం నిషేధించిన వివరాలు సరిగ్గా అవే. దోషి అయిన సేవకునికి మాత్రం పెద్దల సమక్షంలో రాజీ చేసి, మంచి సిఫారసు ఉత్తరంతో మరొక పాస్టరేటుకు బదిలీ ఇస్తాము. ఆ ఉత్తరం అందుకున్న సంఘం, 1984లో సెయింట్ జూలియా తల్లిదండ్రులు ఉన్న స్థితిలోనే ఉంటుంది.

కాబట్టి కాపరులకు, కాబోయే కాపరులకు నాలుగు సూచనలు:

(అ) సంగతి తెలిసిన వెంటనే పోలీసులకు తెలపండి. కమిటీ విచారణ పూర్తయ్యేవరకు ఆగవద్దు. సదుద్దేశంతో తెలిపినవారికి చట్టం రక్షణ ఇస్తుంది.

(ఆ) ఫిర్యాదు అందిన తేదీ, అందుకున్నవారు, తీసుకున్న చర్య మినిట్సులో రాయండి. బిడ్డ పేరును అక్కడ రాయకుండా విడిగా, మూసిన కవరులో భద్రపరచండి. ఏ పత్రాన్నీ చింపవద్దు.

(ఇ) నోరు విప్పరాదన్న షరతుతో రాజీ కుదర్చకండి. పిల్లలపై నేరం పెద్దలు మాఫీ చేయగల అప్పు కాదు.

(ఈ) నింద మోపబడిన సేవకుణ్ణి పిల్లల పరిచర్యనుండి వెంటనే పక్కన పెట్టండి. అయితే తీర్పు రాకముందే వేదికమీద అతణ్ణి దోషి అని ప్రకటించకండి. బదిలీ అయితే పరిస్థితిని అవతలి సంఘ బాధ్యులకు రాతపూర్వకంగా తెలపండి.

ముగింపు

2019 డిసెంబరు 17న పోప్ ఫ్రాన్సిస్, పిల్లలపై గురువుల దౌర్జన్యపు కేసులలో అంతవరకు అమలులో ఉన్న పాపల్ రహస్య నియమాన్ని తొలగించారు. బాధితులను, సాక్షులను మౌనంగా ఉండమని కట్టడి చేయరాదన్నారు. సంబంధితుల గౌరవాన్ని, వ్యక్తిగత వివరాలను కాపాడే గోప్యతను మాత్రం ఉంచారు. బోస్టన్ కోర్టు ఫైలు తెరిచిన తరువాత సంఘం ఆ మాట అనడానికి పద్దెనిమిదేళ్లు పట్టింది. సంఘమే ముందుగా చేయవలసిన పనిని కోర్టు చేయవలసి వచ్చిందన్నది మనకు సిగ్గు కలిగించాలి.

మన సంఘాలలో చాలావాటికి అంత పెద్ద ఫైళ్లు ఉండవు. ఒక మినిట్సు పుస్తకం, ఒక ఉత్తరాల కట్ట, తాళం ఉన్న ఒక ఇనుప బీరువా ఉంటాయి. ఇది చదివిన కాపరి ఈ వారం ఆ బీరువా తెరిచి చూడాలి. జవాబు లేని ఉత్తరం ఏదైనా అందులో ఉంటే, అది రాసినవారు ఇంకా ఎదురుచూస్తూనే ఉండవచ్చు.